పిల్లి కాలు – ప్రత్తి నష్టము : మర్యాద రామన్న తీర్పుపై ఒక విమర్శ

తెలుగువారు స్వస్థలము విడిచి ఎక్కడ స్థిరపడినను తమ వెంట గొనిపోయిన కథలలో మర్యాద రామన్న తీర్పులకు ఒక స్థానము కలదు. తమిళనాట ఈ న్యాయాధికారియే మరియాదై రామన్ అను పేర ప్రసిద్ధుడు. అందుచేత మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబముల పిల్లలు ఈ కథలను ఇంట నొక భాషలోను, వీధిలో నొక భాషలోను వినుచుందురు. వీనిలో కొన్ని తెనాలి రామకృష్ణుని పేరను గూడ చెల్లుచున్నవి. కథానాయకుడెవరైనను వీనిని బుద్ధిచాతుర్యమునకు ఉదాహరణములుగా మెచ్చుకొనుట వాడుక. వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైన పిల్లి కథను తీసికొని, అందలి తీర్పును తీర్పుగానే పరీక్షించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కథ అందరెరిగినదే. నలుగురు వర్తకులు ఉమ్మడిగా ప్రత్తి వ్యాపారము చేయుచుండిరి. కొట్టులో ఎలుకల బాధ హెచ్చగా ఒక పిల్లిని కొని పెంచిరి. పిల్లి నలుగురిది గనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క కాలు చొప్పున పంచుకొని, ఎవరి కాలికి వారు గజ్జెలు కట్టి మురిసిరి. ఒకనాడు ఒక కాలికి గాయమయ్యెను. ఆ కాలి సొంతదారు నూనెలో తడిపిన గుడ్డను దానికి కట్టెను. పిల్లి నిప్పు దాపునకు పోగా గుడ్డ అంటుకొనెను. అది బెదరి ప్రత్తి బస్తాలలోనికి ఉరికెను. సరకంతయు బూడిద అయ్యెను. మిగిలిన ముగ్గురును నాలుగవవానిపై వ్యాజ్యము తెచ్చి నష్టపరిహారము కోరిరి. రామన్న ఇరుపక్షముల వాదములు విని, గాయపడిన కాలు నడువజాలదనియు, పిల్లిని ప్రత్తివరకు మోసికొనిపోయినవి బాగుగానున్న మూడు కాళ్లే యనియు, కావున ఆ మూడు కాళ్ల సొంతదారులే నాలుగవవానికి నష్టము కట్టవలెననియు తీర్పు చెప్పెను.

విన్నవారు నవ్వుదురు. నవ్వు ముగిసిన తరువాత మాత్రము ఒక సందేహము మిగులును. నూనెగుడ్డ కట్టినవాడెవడు? ప్రత్తికొట్టులో నిప్పు ఉండగా అట్టి కట్టుతో పిల్లిని విడిచినవాడెవడు? ఈ రెండు ప్రశ్నలను రామన్న అడుగనే లేదు. చివర కదలినదేది అని మాత్రమే అడిగెను. కదలించినదే కారణము, కారణమైనవాడే బాధ్యుడు అను రెండు మాటలను ఆయన ఒకే మాటగా చేసెను. కారణము వేరు, బాధ్యత వేరు. ఈ భేదమును గుర్తించుటతోనే న్యాయశాస్త్రము ఆరంభమగుచున్నది.

కారణమన నేమో మన తార్కికులు మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని తర్కవిద్యార్థులకు తొలి గ్రంథము. కార్యమునకు నియతముగా ముందుండునది కారణమని ఆ శాస్త్రము నిర్వచించును. అయితే ముందున్నదంతయు కారణము కాదనియు అదే శాస్త్రము హెచ్చరించును. కుండకు మట్టియు, చక్రమును, కఱ్ఱయు, కుమ్మరియు కారణములు. కుమ్మరి తండ్రి లేనిచో కుమ్మరి లేడు. కుమ్మరి లేనిచో కుండ లేదు. అయినను కుండకు కుమ్మరి తండ్రి కారణమని ఎవ్వరును చెప్పరు. మట్టి మోసిన గాడిదయు అట్టిదే. ఇట్టివానిని తార్కికులు అన్యథాసిద్ధములని త్రోసివేసిరి.

ఈ గీటురాతిపై పిల్లి కథను గీసి చూడవచ్చును. కట్టు లేనిచో మంట లేదు. మూడు కాళ్లు లేనిచో మంట ప్రత్తిని చేరదు. ఎలుకలు లేనిచో పిల్లి రాదు. నలుగురును వ్యాపారములో కూడనిచో కొట్టే లేదు. అది లేనిచో ఇది జరుగదు అను పరీక్ష ఒక్కటియే చాలునన్నచో ఎలుకలు మొదలు వర్తకుల తాతలవరకు అందరును ముద్దాయిలే. కావున న్యాయస్థానము రెండు మెట్లు ఎక్కవలసియుండును. ఈ పని లేనిచో ఈ హాని జరిగియుండునా యని విచారించుట మొదటి మెట్టు. జరుగనిచ్చిన పలు కారణములలో దేనికి, ఎవరికి, ఎంతవరకు ఈ హానిని అంటగట్టుట న్యాయమని నిర్ణయించుట రెండవ మెట్టు. మొదటిది జరిగినదానిని గూర్చిన ప్రశ్న. రెండవది ధర్మమును గూర్చిన ప్రశ్న. రామన్న మొదటి మెట్టుపై ఒక పాదము మోపి, అక్కడనే తీర్పు చదివెను.

రామన్న మరీ దగ్గర ఆగినచో, మరీ దూరము పోయిన కథయు మన వాఙ్మయములోనే కలదు. భారతమున ఆనుశాసనిక పర్వారంభములో గౌతమి కథ వచ్చును. తిక్కన తెలుగు చేసిన పదునైదు పర్వములలో ఇదియు నొకటి. గౌతమి యను వృద్ధ బ్రాహ్మణి కుమారుడు పాముకాటుచే మరణించెను. అర్జునకుడను బోయవాడు ఆ పామును బంధించి తెచ్చి చంపుటకు సెలవడిగెను. పామును చంపినందున కుమారుడు తిరిగి రాడని ఆమె వారించెను. పాము తనకు స్వాతంత్ర్యము లేదనియు, మృత్యువు ప్రేరింపగా కఱచితిననియు చెప్పుకొనెను. దానికి బోయవాడు, కుండ చేయుటలో కఱ్ఱయు చక్రమును కారణములైనట్లే పామును కారణమేయని బదులు చెప్పెను. అంతట మృత్యువు వచ్చి తాను కాలమునకు లోబడినదాననని చెప్పెను. కాలము వచ్చి ఆ బాలుని కర్మయే కారణమని చెప్పెను. గౌతమి తన కర్మను గూడ అందు చేర్చుకొని శాంతించెను. పాము విడుదల పొందెను.

ఈ కథలో బోయవాని వాదమునకు ఉన్న బలమును పాఠకులు సాధారణముగా గమనింపరు. పనిముట్టు అయినంత మాత్రమున కారణత్వము పోదని అతడు చెప్పిన మాట నేటి న్యాయవాది చెప్పదగినది. పై అధికారి ఆజ్ఞ ననుసరించితినని చెప్పు ప్రతి నౌకరును పాము వాదమునే వినిపించుచున్నాడు. అయితే కథ బోయవాని పక్షమున ముగియలేదు. దానికి హేతువు కథ యొక్క సందర్భములో నున్నది. యుద్ధములో బంధుమిత్రుల మరణమునకు తానే కారణమని కుములుచున్న ధర్మరాజునకు, అంపశయ్యపై నున్న భీష్ముడు దీనిని చెప్పెను. దీని ప్రయోజనము ఓదార్పు, తీర్పు కాదు. కుమారుని కోల్పోయిన తల్లి పగ మానుకొనుటకు కర్మసిద్ధాంతము ఉపకరించును. దానినే ధర్మాసనముపై కూర్చుండబెట్టినచో ఏ కర్మాగార యజమానియు, ఏ బండి తోలువాడును ఎన్నటికిని బాధ్యుడు కాడు. హానిచేసినవాడు గౌతమి మాటలను తన నోట పలుకుటకు అధికారి కాడు. అవి నష్టపడినవారు మాత్రమే పలుకదగిన మాటలు.

దగ్గర ఆగిన రామన్నకును, దూరము పోయిన కాలపురుషునకును నడుమ న్యాయస్థానము ఒక గీత గీయవలెను. ఆ గీత ఎక్కడ గీయవలెనను విషయమున గొప్ప న్యాయాధిపతులకును ఏకాభిప్రాయము లేదు. దీనికి ప్రత్తితోనే సంబంధించిన ఒక వ్యవహారము నిదర్శనము. 1951లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ రేవులో వాగన్ మౌండ్ అను నౌకనుండి కొలిమినూనె నీటిపైకి ఒలికెను. దాపుననున్న రేవుకట్టపై ఓడల మరమ్మతు జరుగుచుండెను. కరిగిన లోహపు బొట్టు నీటిపై తేలుచున్న ప్రత్తి పీచుపై పడి, దానిద్వారా నూనె అంటుకొని, రేవుకట్ట కాలిపోయెను. 1961లో ప్రీవీ కౌన్సిలు ఈ వ్యాజ్యమును తీర్చుచు, నీటిపై పరచుకొన్న అట్టి నూనె మండునని వివేకియైనవాడు ముందుగా ఊహింపజాలడు గనుక నౌకవారు ఆ అగ్నినష్టమునకు బాధ్యులు కారని చెప్పెను. అదే అగ్నిలో నష్టపడిన ఓడల యజమానులు వేరొక వ్యాజ్యము తెచ్చిరి. అందు సాక్ష్యము వేరు. 1966లో అదే ప్రీవీ కౌన్సిలు, ప్రమాదము స్వల్పమే యైనను నౌక యంత్రాధికారి దానిని గ్రహించి యుండవలసినదనియు, నూనె ఒలికించుటవలన ఎవరికిని లాభము లేదు గనుక ఆ స్వల్ప ప్రమాదమును ఉపేక్షించుట తగదనియు చెప్పి నౌకవారిని బాధ్యులను చేసెను. అగ్ని ఒక్కటే, నూనె ఒక్కటే, ప్రత్తి ఒక్కటే, తీర్పులు రెండు. కారణము మారలేదు. ముందుచూపును గూర్చిన నిర్ణయము మాత్రము మారినది.

ఈ ముందుచూపు పరీక్షను పిల్లి కథకు అన్వయించినచో తీర్పు మారిపోవును. ప్రత్తికొట్టులో నూనెగుడ్డ నిప్పంటుకొనునని ఊహించుటకు గొప్ప ప్రజ్ఞ అక్కరలేదు. నాలుగవ వర్తకుడు కట్టు కట్టిన తరువాత పిల్లిని కొట్టునుండి దూరముగా నుంచవలసినది. అయితే మిగిలిన ముగ్గురును కొట్టులోనివారే. నిప్పును వారును చూచిరి; కట్టును వారును చూచియుందురు; పిల్లిని కట్టివేయుట వారికిని సాధ్యమే. కావున అజాగ్రత్త నలుగురిది. ఎవరి అజాగ్రత్తకు తగినట్లు వారికి నష్టమును విభజించు పద్ధతి మోటారు ప్రమాదముల వ్యాజ్యములలో నేటి న్యాయస్థానములకు పరిచితమే. ఆ పద్ధతిని అనుసరించినచో నాలుగవవానిపై ఒకింత ఎక్కువ భాగము పడునేమో గాని, ముగ్గురి చేతినుండి అతనికి పరిహారము ఇప్పించుట మాత్రము పొసగదు.

గీత ఎక్కడ పడవలెనను ప్రశ్నకు ముందుచూపు ఒక్కటియే సమాధానము కాదు. చేసినవాని మనస్సును, న్యాయస్థానమును అడుగుచున్న కోరికయు ఆ గీతను ముందునకో వెనుకకో జరుపుచుండును. దీనికి మన దేశపు వ్యవహారములు కొన్ని చూడవచ్చును.

1912లో మద్రాసు హైకోర్టు నిర్ణయించిన ఒక వ్యవహారము నేటికిని న్యాయకళాశాలలలో పాఠముగా చెప్పబడుచున్నది. అందలి వ్యక్తుల పేర్లు తెలుగు పేర్లే. ఒకడు మరియొకని ప్రాణముపై భీమా చేయించి, అతనిని చంపదలచి విషము కలిపిన హల్వా ఇచ్చెను. అతడు కొంత తిని మిగిలినది పారవేసెను. అది నిందితునికి తెలియకుండ ఒక బాలిక చేతికి వచ్చెను. ఆమె తిని మరణించెను, ఉద్దేశింపబడినవాడు బ్రతికెను. క్రింది న్యాయస్థానము బాలిక హత్యానేరమునుండి నిందితుని విడుదల చేసెను. హైకోర్టులో న్యాయమూర్తులు బెన్సన్, సుందరయ్యర్ భిన్నాభిప్రాయులైరి. మూడవ న్యాయమూర్తి అబ్దుర్ రహీము బెన్సన్ పక్షమున చేరగా నిందితుడు హంతకుడని తేలెను. నడుమ ఇతరుల చేతులు వచ్చినందున ఆ మరణమును నిందితునికి అంటగట్టరాదని సుందరయ్యర్ భావించిరి. చంపవలెనను సంకల్పముతో విషమును లోకములోనికి విడిచినవాడు, అది ఏ ప్రాణమును తీసినను తప్పించుకొనలేడని తక్కిన ఇరువురును భావించిరి. రామన్న పద్ధతిలో చూచినచో హల్వాను నోటికి చేర్చినది బాలిక చేయియే కదా! ఆ తర్కము ఎంత క్రూరమో ఇచ్చట స్పష్టమగును. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో, చంపు ఉద్దేశముతో గోతిపై పుల్లలును పచ్చగడ్డియు పరచినవాని దృష్టాంతము కలదు. గట్టి నేల యనుకొని అడుగిడి పడి చచ్చినవాడు తన కాళ్లతోనే నడచివచ్చెను. అయినను చట్టము గోతిని కప్పినవానినే పట్టుకొనెను. ఆ స్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఈ దృష్టాంతము నిలిచియున్నది. దురుద్దేశమున్నచోట గీత చాల దూరము పోవును.

దురుద్దేశము లేక అజాగ్రత్త మాత్రమే యున్నచోట శిక్ష విధించు న్యాయస్థానము గీతను దగ్గరకు జరుపును. బొంబాయిలోని ఒక రంగుల కర్మాగారములో అగ్నిప్రమాదము జరిగి ఏడుగురు పనివారు మరణించిరి. టర్పెంటైను, వార్నీషు నిలువయున్న గదిలోనే మంటలు వెలిగించి పని చేయించిన యజమానిపై అజాగ్రత్తచే మరణము కలిగించిన నేరము మోపబడెను. 1965 నాటి న్యాయనివేదికలలో ప్రకటింపబడిన తీర్పున సుప్రీంకోర్టు ఆ నేరమును త్రోసివేసెను. మరణము యజమాని అజాగ్రత్తయొక్క సాక్షాత్ ఫలముగా నుండవలెననియు, అది లేనిచో జరుగదన్నంత మాత్రము చాలదనియు, నడుమ వేరొకని అజాగ్రత్త అడ్డు రాకూడదనియు చెప్పెను. వేడి పదార్థములో టర్పెంటైనును తొందరగా కలిపిన ఉద్యోగి చర్యయే దగ్గరి కారణమయ్యెను. చదువరికి మూడు కాళ్ల తీర్పు స్ఫురింపక మానదు. చివర కదలిన చేయి దొరికినది; ఆ గదిలో మంట పెట్టించిన చేయి ఆ నేరమునుండి తప్పించుకొన్నది. అయినను ఈ తీర్పును త్రోసిపుచ్చుట సులభము కాదు. ఒక మనుష్యుని చెరసాలకు పంపునపుడు, దూరపు కారణములను వెదకి వెదకి పట్టుకొను అలవాటు ప్రజలకే అపాయకరము.

పరిహారము కోరునపుడు విషయము వేరు. అచ్చట ప్రశ్న ఎవనిని శిక్షింపవలెనని కాదు. జరిగిన నష్టమును ఎవరు భరింపవలెనని. 1923లో వచ్చిన పనివారి పరిహార చట్టము, పనివలనను పనిలోనుండగను గాయపడినవానికి యజమాని అజాగ్రత్తను ఋజువు చేయవలసిన భారమును తొలగించెను. ఢిల్లీలో 1985 డిసెంబరున ఒక కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన వ్యవహారమున, అపాయకర పరిశ్రమ నడుపువాడు దానివలన కలిగిన హానికి ఏ మినహాయింపు లేక బాధ్యుడని సుప్రీంకోర్టు 1986లో నిర్ణయించెను. విశాఖపట్టణము చెంత ఆర్. ఆర్. వెంకటాపురములో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున స్టైరీను ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించినపుడు, జాతీయ హరిత న్యాయస్థానము మరునాడే తొలివిడతగా 50 కోట్ల రూపాయలు జమకట్టుమని ఆ పరిశ్రమను ఆజ్ఞాపించెను. ఏ తొట్టి, ఏ మీట, ఏ ఉద్యోగి యను విచారణ ముగియువరకు నష్టపడినవారు వేచియుండనక్కర లేకపోయెను. ఊరి నడుమ అపాయమును నిలువచేసి లాభము పొందువాడే దాని నష్టమును భరింపవలెనను ధర్మము దీనికి మూలము.

ఇంత చెప్పిన పిమ్మట రామన్న తెలివిలేనివాడని తేల్చుట తొందరపాటగును. కథను మరల చదివినచో దాని అసలు బిగువు కారణవిచారములో లేదని కనబడును. పిల్లిని కాళ్లుగా పంచుకొన్నది రామన్న కాదు, వర్తకులు. గాయమైననాడు ఆ కాలు నాలుగవవానిది. వైద్యమును ఖర్చును అతనివే. ముగ్గురిలో ఒక్కడును గుడ్డముక్క తేలేదు. నష్టము వచ్చిననాడు మాత్రము ఆ ఒక్క కాలే పిల్లి యంతయు నైనదని వారు వాదించిరి. రామన్న చేసినదెల్ల వారి ఒడంబడికను వారికే చదివి వినిపించుట. కాలివారీగా సొత్తు పంచుకొన్నవారు కాలివారీగా దోషమును గూడ పంచుకొనవలెను. లాభమునకు ఒక లెక్క, నష్టమునకు మరియొక లెక్క పనికిరాదను సూత్రము చక్కనిది. నేటి న్యాయస్థానములును తాను ముందొప్పుకొన్నదానిని తరువాత కాదనుటకు వీలులేదని కక్షిదారులను కట్టడి చేయుచున్నవి. కావున ఇది ముగ్గురు వర్తకుల నోరు మూయించిన తీర్పు. అగ్నికి కారణమెవరో తేల్చిన తీర్పు కాదు. కథకుని లోపము లేదు. కథ చివర నీతిని తగిలించువారి లోపమే కలదు.

ఈ వివేచన పండితుల వినోదము మాత్రమే కాదు. షోలాపురములోని మగ్గములయొద్దను, బొంబాయి ప్రత్తిమిల్లులలోను తరతరములు పనిచేసిన తెలుగు కుటుంబములకు ప్రత్తి ధూళియు, నూనెగుడ్డయు కథలోని వస్తువులు కావు. పనివానికి చేయి తెగినపుడు అతని చేయియే యంత్రములోనికి పోయినదని చెప్పుట మూడు కాళ్ల తీర్పునకు సరియైన అనువాదము. వాని కర్మయని చెప్పుట గౌతమి కథకు తప్పుడు అనువాదము. ఈ రెండు మాటలును నేటికిని వినబడుచునే యున్నవి. అవి మన కథలనుండియే బలము తెచ్చుకొనుచున్నవి గనుక, వానికి సమాధానము గూడ ఆ కథలను సరిగా చదువుటలోనే యున్నది.

రాష్ట్రేతర పాఠశాలలలో తెలుగు పఠనమునకు దొరకు గంటలు కొద్ది. ఆ కొద్ది గంటలలో పిల్లి కథ పాఠముగా వచ్చినపుడు, రామన్న ఎంత తెలివైనవాడు అను ప్రశ్నతో అభ్యాసము ముగించుట చాలదు. కట్టు ఎవరు కట్టిరి, నిప్పు ఎవరు చూచిరి, పిల్లిని ఆపుటకు ఎవరికి వీలుండెను అను ప్రశ్నలను విద్యార్థుల ముందుంచవలెను. తెలుగులో పూచీ యను మాట కలదు. ఒకని విషయమున ముందుగా మాట యిచ్చి నిలబడుటయే పూచీ. హాని జరిగిన పిదప వెదకి పట్టుకొనునది కాదు. ఆ నలుగురు వర్తకులలో పిల్లికి గజ్జెలు కట్టినవారు కలరు గాని పూచీ వహించినవాడు ఒక్కడును లేడు. ప్రత్తి కాలుటకు మూలము వెదకదలచిన విద్యార్థి కాళ్లను లెక్కించుట మాని ఇచ్చటనుండి ఆరంభించుట మేలు.